నల్ల వ్యాగన్ల పక్కన

భాగ్యవతి చేతిలో గోనెపట్టా పెట్టి బోదెలోకి దిగమన్నది సూపర్‌వైజర్ రవిచంద్ర. ఆ బోదెలో అప్పుడు పారుతున్నది నీళ్ళు కాదు. రైలు సైడింగులో నిలబడ్డ ఆయిల్ వ్యాగన్ అడుగు వాల్వు నుంచి కారుతున్న ముడి చమురు. నల్లగా, చిక్కగా మోకాలి లోతున నిలిచింది. మిట్టమధ్యాహ్నపు ఎండకి దాని మీద గాలి వణుకుతోంది.

మేము పదిమంది దాకా ఆడవాళ్ళం. అంతకుముందు దాకా ప్యాకింగ్ షెడ్డులో చిన్న రసాల మామిడిపళ్ళు పెట్టెల్లో సర్దుతున్నాం. ఉన్నపళంగా లేపుకొచ్చారు. పళ్ళ మధ్య పరిచే వరిగడ్డిని మా చేతే మోయించారు. గడ్డి వేసి చమురు పీల్చాలి, గోనెలతో అద్ది డ్రమ్ముల్లోకి పిండాలి. చేతులకు తొడుగుల్లేవు. ముక్కులకు మా చీర కొంగులే.

వాసనకి కళ్ళు తిరుగుతున్నాయని భాగ్యవతి చెప్పింది. కాసేపు ఒడ్డున కూర్చుంటానంది. కూర్చుంటే రేపటి నుంచి షెడ్డుకి కూడా రానక్కర్లేదన్నాడు రవిచంద్ర. ఆమె మళ్ళీ దిగింది. ఆమె పక్కనే మౌనిక దిగింది. మౌనికకి పాలు తాగే బిడ్డ ఉంది. మిగతావాళ్ళు ఒడ్డున డ్రమ్ముల దగ్గర గోనెలు పిండుతున్నారు. నేను వాళ్ళిద్దరికీ గడ్డి అందిస్తూ గట్టు మీద నిలబడ్డాను. అందుకే ఇవాళ మీ ముందు బతికి మాట్లాడుతున్నాను.

నా పేరు గ్లోరీ. భాగ్యవతి వాళ్ళ పక్కింటిదాన్ని. మీలో కంపెనీల్లో పనిచేసేవాళ్ళున్నారు, కాలేజీలకు వెళ్ళే పిల్లలున్నారు. పేపర్లో మా ఊరి గురించి వచ్చింది మీరు చదివే ఉంటారు. అందులో లేనిదే నేను చెప్తున్నాను.

మాది ఎర్రమట్టిపాలెం. నూజివీడుకీ జి. కొండూరుకీ మధ్య మెట్ట మీద ఉంది. చుట్టూ మామిడి తోటలు. వాటిలో పెద్దవన్నీ లక్ష్మీనరసింహారావు గారివి. రైలుపట్టాల పక్కన ఆయనకో ముక్క పొలం ఉండేది. దాన్ని ఒక ఆయిల్ కంపెనీకి ఇచ్చి, అక్కడి కూలీల కాంట్రాక్టు తనే పుచ్చుకున్నాడు. బావుల నుంచి లారీ ట్యాంకర్లలో వచ్చే ముడి చమురుని ఆ సైడింగులో రైలు వ్యాగన్లలోకి ఎక్కిస్తారు. నిండిన బండి మా ఊరు మీదుగా, లైను మీది ఊళ్ళన్నిటి మీదుగా రిఫైనరీకి పోతుంది. వ్యాగన్ల మీదికెక్కి మూతలు తీసేదీ, నింపేదీ, బిగించేదీ మా కాలనీ మగవాళ్ళే. కాయలు కోసేదీ సర్దేదీ మేమే. తోటలోనూ ఆయనే, పట్టాల మీదా ఆయనే. సైడింగుకీ మా ఇళ్ళకీ మధ్య ఉన్నది ఆ బోదె ఒక్కటే.

ఆ రోజు బండి బయల్దేరే వేళయింది. వాల్వు కారుతోంది కాబట్టి బండి ఆపి వ్యాగన్ ఖాళీ చెయ్యాలి. అలా చేస్తే ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే కాంట్రాక్టరుకి జరిమానా. అందుకే ఆపకుండా మమ్మల్ని దింపారు. ఇంతలో మరో వ్యాగన్ మీద మూత బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయి మూత పడటం లేదు. గ్రైండర్ పెట్టి కోసెయ్యమన్నాడు రవిచంద్ర. గ్రైండర్ పట్టుకున్నది మా కాలనీ కుర్రాడే, ఉదయ్ కిరణ్. వాడు కాసేపు వాదించడం గట్టు మీద నుంచి చూశాను. మాటలు వినపడలేదు. రవిచంద్ర చెయ్యి విసిరి ఇంటి దారి చూపించాడు. ఉదయ్ తల వంచుకుని పైకెక్కాడు.

నిప్పురవ్వలు రాలాయి. అంతే. ముందు చప్పుడు లేదు. బోదె ఆ చివర నుంచి ఈ చివర దాకా నీలం మంట ఒకటి పరిగెత్తింది. ఆ తర్వాత ఆకాశం నల్లబడింది.

వ్యాగన్ల అవతల పని చేస్తున్న ఇన్నయ్య, భాగ్యవతి భర్త, పట్టాలు దాటి వచ్చి మంటలో చేతులు పెట్టాడు. ఆమెని బయటికి లాగాడు. లాగితే ఆమె చర్మం అతని చేతుల్లోకి వచ్చింది. మౌనికని ఎవరూ లాగలేకపోయారు.

ఆ సమయంలో కంపెనీ వాళ్ళు చేసిన మొదటి పని ఇంజను తెచ్చి వ్యాగన్లని దూరంగా లాక్కుపోవడం. మనుషులు బోదెలో కాలుతున్నారు. వాళ్ళ పక్కనుంచే ఒక్కొక్క వ్యాగనూ క్షేమంగా కదిలి వెళ్ళింది. ఫైరింజను వచ్చింది గానీ అందులో ఉన్నది నీళ్ళే. చమురు మంట మీద నీళ్ళు కొడితే మంట తేలుకుంటూ కాలనీ మొదటి వరస ఇళ్ళలోకి వచ్చింది. నురగ చల్లే బండి విజయవాడ నుంచి రావాలన్నారు. అది వచ్చేసరికి కాలాల్సినవన్నీ కాలిపోయాయి.

భాగ్యవతి ఆస్పత్రిలో మూడో రోజు దాకా బతికింది. స్పృహ ఉన్నంతసేపూ దాహమంది. మౌనిక బిడ్డకి ఎవరు పాలిస్తున్నారని అడిగింది.

ఆమె పోయిన రోజునే లక్ష్మీనరసింహారావు గారు ఆస్పత్రికి వచ్చారు. ఇన్నయ్య రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు. నేనతనికి గంజి తాగిస్తున్నాను. ఆయన మంచం పక్కన కుర్చీ వేయించుకుని చాలా నెమ్మదిగా, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడారు.

"పోయినావిడ ఎలాగూ తిరిగిరాదు ఇన్నయ్యా. మీవాళ్ళు కారిన ఆయిల్ తెచ్చుకుని పొయ్యిలో వేసుకున్నారు, అక్కణ్ణుంచి అంటుకుంది అని చెప్పు. కేసు చిన్నదవుద్ది. కాలనీ జోలికి ఎవరూ రారు. అది నా స్థలం పక్కనే ఉందని మర్చిపోవద్దు."

ఇన్నయ్య గంజి వద్దని తల తిప్పి ఆయన వైపు తిరిగాడు.

"మా ఆవిడ ఆ పూట పొయ్యే ముట్టించలేదండీ. మీ మనిషి దింపితే బోదెలో దిగింది," అన్నాడు.

ఆయన లేచి కుర్చీ వెనక్కి నెట్టి వెళ్ళిపోయారు. సాయంత్రానికి టీవీలో పొయ్యి కథే వచ్చింది. ఆయిల్ దొంగతనం, నిర్లక్ష్యం అని కేసు కట్టారు. మొదటి ముద్దాయి ఇన్నయ్య. చేతులు కాలి ఉన్నాయని అప్పటికి అరెస్టు చెయ్యలేదు. చచ్చిపోయిన ఇద్దర్నీ దొంగల కిందే రాశారు. రవిచంద్ర పేరు ఎక్కడా లేదు.

సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చాక చర్చి ఆవరణలో కూర్చున్నాం. కాలనీ అంతా వచ్చింది. తోటల వైపు నుంచి కొందరు చిన్న రైతులూ వచ్చారు. మసి పడి వాళ్ళ కాయలు నల్లబడ్డాయి, కొనేవాడు లేడు. వాళ్ళతో వచ్చిన పిల్ల కీర్తిప్రియ నూజివీడులో చదువుతోంది. ఆమె తండ్రి కాయల నష్టం గురించి మాత్రమే అడుగుదామన్నాడు, శవాల సంగతి కలిపితే రావు గారికి కోపమొస్తుందన్నాడు. కీర్తిప్రియ తండ్రి మాటకి అందరి ముందే అడ్డం వచ్చింది. ఈ బండి స్కూళ్ళ గోడలు ఆనుకుని పోతోందనీ, దాన్లో ఏముందో, అంటుకుంటే ఎటు పరిగెత్తాలో దారిలో ఒక్క ఊరికీ ఎవరూ చెప్పలేదనీ అంది. ఇవాళ కాలింది కూలివాళ్ళే కాబట్టి కాయల లెక్క మాట్లాడుతున్నామంది. ఆ మాటకి తండ్రి మొహం ఎర్రబడింది గానీ లేచిపోలేదు.

అప్పుడొచ్చాడు ఉదయ్ కిరణ్. వ్యాగన్ మీద నుంచి అవతలికి దూకి బతికాడు. కాలు ఈడుస్తూ వచ్చి గోడ వారన నిలబడ్డాడు. భాగ్యవతి తమ్ముడు చార్లెస్ ఒక్క ఉదుటున లేచి వాడి కాలర్ పట్టుకున్నాడు. మా అక్కని చంపింది వీడే, గ్రైండర్ వీడి చేతిలోనే ఉందన్నాడు. కొట్టండి అన్నవాళ్ళూ ఉన్నారు.

ఉదయ్ తప్పించుకోవడానికి చూడలేదు. "వాసనొస్తుంది సార్, రవ్వ పడితే అంటుకుంటది అని చెప్పాను," అన్నాడు. "కోస్తావా, ఇంటికి పోతావా అన్నాడు."

"పోవాల్సింది," అన్నాడు చార్లెస్.

ఇన్నయ్య కట్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చుని ఉన్నాడు. అక్కణ్ణుంచే మాట్లాడాడు.

"వదిలెయ్ చార్లెసూ. వాడు ఇంటికొస్తే ఆ గ్రైండర్ ఇంకొకడికి ఇచ్చేవాళ్ళు. మీ అక్క దిగనంటే గ్లోరీని దింపేవాళ్ళు. ఒక్కళ్ళు కాదంటే ఇంకొకళ్ళని తెచ్చుకుంటారు. అందరం కాదంటే ఎవర్ని తెచ్చుకుంటారో చూద్దాం."

చార్లెస్ కాలర్ వదిలాడు. వాడు ఏడ్చింది అప్పుడే, అక్క పోయాక మొదటిసారి.

ఆ మధ్యాహ్నమంతా వాదనలే. సైడింగు పని పోతే పిల్లలేం తింటారని కొందరు, తోట పని కూడా పోతుందని కొందరు. నిజమే, భయం ఉత్తిది కాదు. చివరికి నిలిచినవి మూడు మాటలు. దొంగతనం కేసు ఎత్తెయ్యాలి, కాంట్రాక్టరు మీద కేసు కట్టాలి. ఇళ్ళ పక్కన ఆయిల్ బండి ఆగకూడదు. అప్పటిదాకా ఒక్క మూత తీసేది లేదు, ఒక్క కాయ కోసేది లేదు. కీర్తిప్రియా ఆమె స్నేహితులూ బైకుల మీద లైను వెంట ఊరూరా తిరిగారు. స్టేషన్ల దగ్గర, బడుల దగ్గర జనాన్ని కూడేసి మా కాలిన బోదె ఫొటోలు చూపించి చెప్పుకొచ్చారు.

బోదె గట్టు మీద బూడిద తియ్యకముందే మళ్ళీ ఖాళీ బండి వచ్చి సైడింగులో నిలబడింది. మా మగవాళ్ళు ఎవరూ పైకెక్కలేదు. లారీ ట్యాంకర్లు రోడ్డు మీద బారులు తీరాయి. తోటల్లో పళ్ళు చెట్టునే పండి రాలుతున్నాయి. రావు గారి మనిషి ఇంటింటికీ తిరిగి ముందు బతిమాలాడు, తర్వాత బెదిరించాడు. కాలనీకి నీళ్ళ ట్యాంకు ఆపేశారు. బోదె నుంచి ఇంకిన చమురుతో మా బోరు అప్పటికే కంపు కొడుతోంది. పిల్లలకి పక్క ఊరి నుంచి బిందెలతో మోసుకొచ్చాం.

తర్వాత లారీలో కొత్త కూలీలని దింపారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. పోలీసులని అటూ ఇటూ నిలబెట్టి వాళ్ళని వ్యాగన్ల దగ్గరికి నడిపించారు. మేము పట్టాల మీద అడ్డంగా కూర్చున్నాం. మా మగవాళ్ళలో కొందరు రాళ్ళు తీశారు. ఇన్నయ్య వాళ్ళ ముందుకెళ్ళి నిలబడి ఆ రాళ్ళు కింద పడేయించాడు. అతను ఆ కొత్తవాళ్ళ దగ్గరికి పోయి, నా చేత కట్లు విప్పించుకుని తన చేతులు చూపించాడు. ఆ చేతుల్ని నేను వర్ణించను. మీ భార్యల్ని కూడా తెచ్చారా అని మాత్రం ఇన్నయ్య వాళ్ళని అడిగాడు.

వాళ్ళలో పెద్దాయన బోదెకేసి చూశాడు.

"మాకీ సంగతి సెప్పనేదు బాబూ. మావిడికాయలు కొయ్యాలని తెచ్చినారు," అన్నాడు.

తువ్వాలు పరిచి పట్టాల మీద మా పక్కనే కూర్చున్నాడు. మిగిలినవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ముగ్గురు నలుగురు లారీ వైపు వెనక్కి నడిచారు. మిగతా అందరూ కూర్చున్నారు.

దాంతో లాఠీలు లేచాయి. కూర్చున్నవాళ్ళని కూర్చున్నట్టే కొట్టారు. మౌనిక అత్త తల పగిలింది. కీర్తిప్రియని జుట్టు పట్టి ఈడుస్తుంటే, కాయల నష్టం తప్ప మరేమీ వద్దన్న ఆమె తండ్రి అడ్డం పడి దెబ్బలు తిన్నాడు. ఇన్నయ్యని ఎక్కడ పట్టుకోవాలో పోలీసులకి బాగా తెలుసు. కట్లు లేని చేతులు పట్టుకునే లాగారు. అతను అరవకుండా ఉండాలని చూశాడు. అరిచాడు. ఆ కేక విని చార్లెస్, ఉదయ్ ఇద్దరూ వెళ్ళి అతని మీద పడి లాఠీ దెబ్బలు తాము కాచుకున్నారు.

మమ్మల్ని దొరికినవాళ్ళని దొరికినట్టు వ్యాన్లలో కుక్కారు. మేము చూస్తుండగానే కంపెనీ తన సొంత ఉద్యోగులని తెప్పించి పోలీసుల కాపలాలో వ్యాగన్లు నింపించింది. ఆ ఉద్యోగులకి హెల్మెట్లు, ముక్కులకి మాస్కులు, చేతులకి తొడుగులు ఉన్నాయి. భాగ్యవతికి లేనివన్నీ ఉన్నాయి. రావు గారు కారు దిగకుండా అద్దంలోంచి చూశారు. బండి కూత వేసి మా కాలనీ ముందు నుంచే వెళ్ళిపోయింది. ఓడిపోయామనే అనుకున్నాను.

వ్యాన్ రోడ్డు పట్టి కొంత దూరం పోయి లెవెల్ క్రాసింగ్ దగ్గర ఆగింది. గేటు వేసి ఉంది. ఎదురుగా ఆ నల్ల వ్యాగన్లే, రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉన్నాయి. కదలడం లేదు. కాసేపు చూసి ఇన్‌స్పెక్టర్ దిగి గేట్‌మన్‌ని కేకేశాడు. బండెందుకు ఆగిందని అడిగాడు.

"ముందు ఊళ్ళో జనం పట్టాల మీద కూర్చున్నారంటండీ," అన్నాడు గేట్‌మన్. "ఆడవాళ్ళూ, స్కూలు పిల్లలూ. ఆ పై ఊళ్ళో కూడా చేరుతున్నారంట."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి పక్కకి నడిచాడు. వ్యాన్‌లో శ్రీకాకుళం పెద్దాయన తన తువ్వాలు చింపి నాకిచ్చాడు. నేను ఇన్నయ్య చేతులకి కట్టు కడుతున్నాను. అతను కమ్మీల్లోంచి ఆగిన బండినే చూస్తున్నాడు.

"గ్లోరీ, ఆ జనాన్ని లేపడానికి మనల్ని ఇక్కడే వదిలేస్తామంటారు. దిగమంటే దిగొద్దు," అన్నాడు. "స్టేషన్‌కే పోదాం. కేసు మన పేరు మీద ఉండగా కోర్టులో భాగ్యం పేరు పోలీసులు చెప్పక తప్పదు. అది ఎలా పోయిందో అక్కడే మనమూ చెబుదాం."

కట్టు ముడి వేశాను. బయట ఎండలో చమురు బండి అలాగే నిలబడి ఉంది. వ్యాన్‌లో ఎవరో నినాదం ఎత్తుకున్నారు. ఎర్రమట్టిపాలెం పేరు కాదు, ఆ ముందు ఊరి పేరు పెట్టి ఎత్తుకున్నారు. మేమంతా అందుకున్నాం.