తెల్ల పెట్టెలో సముద్రం

ఆ పొద్దున ఆకాశం రెండు రకాలుగా ఉంది. ఉత్తరం వైపు నల్లగా దిగి కొండని సగం మింగేసింది. నీటికి అవతల పోర్ట్ బ్లెయిర్ మీద మాత్రం ఎండ కాస్తోంది. మధ్యలో మా ఊరు బాంబూఫ్లాట్ మీద చినుకో మంచో చెప్పలేనిది పడుతోంది. అలాంటి ఆకాశం చూస్తే మా నాన్న పడవ దింపాలా మానాలా అని ఒడ్డునే గంటసేపు కూర్చునేవాడు. నేను ఇంటి అరుగు మీద కూర్చున్నాను. నాకు దింపడానికి పడవ లేదు.

పోయిన ఏడాది వల లాగుతూ కళ్ళు తిరిగి నీళ్ళలో పడ్డాను. పక్కనున్న డింగీ పడవ వాళ్ళు చొక్కా పట్టుకుని పైకి లాగారు. ఇక సముద్రం మీదికి వెళ్ళొద్దని డాక్టరు చెప్పాడు. నేను ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేలోపే నా భార్య కాసులమ్మ, కొడుకు వీరేంద్ర కలిసి నా డింగీని జంగ్లీఘాట్ రేవువాళ్ళకి అమ్మేశారు. నేనేమీ అనలేదు. మామూలుగానే నేను ఏమీ అనను.

మా గోడకి అవతల టీచరమ్మ కమలాకుమారిగారి ఇల్లు. కాకినాడ నుంచి వచ్చి పదకొండేళ్ళయింది. ఆవిడకి ఒక్కతే కూతురు, సౌమ్య. కాలేజీ అయిపోయి ఇంట్లోనే ఉంటోంది. వాళ్ళ ముందుగదిలో టీవీ కిటికీలోంచి మా అరుగుకి సూటిగా కనబడుతుంది. దాని కింద ఒక తెల్ల పెట్టె. టీవీలో వీడియో ఆటలు ఆడుకునే పెట్టె. మా ఇంట్లోనూ ఒకటుంది, నల్లది. వీరేంద్ర జెట్టీలో టికెట్లిచ్చే పనిలో చేరగానే తెచ్చుకున్నాడు.

ఈ రెండు పెట్టెల వాళ్ళకీ పడదు. గోడకి అటూ ఇటూ నిలబడి రోజూ ఇదే గొడవ.

"మీ డబ్బాలో ఏముంది దీదీ, చిన్నపిల్లల బొమ్మలు!" అంటాడు మావాడు.

"మీ దాన్లో ఏముంది భయ్యా, కాల్చుకోవడమేగా. ఇవాళ ఎంతమందిని చంపావు?"

"నా గుర్రం ఆట నీ డబ్బాలో వస్తుందా? జిందగీలో రాదు."

"నా పడవాట నీ దాన్లో వస్తుందా?"

ఆ మాటకి మావాడు తల తిప్పుకుని లోపలికొచ్చేస్తాడు. వచ్చి ఫోనులో ఎవరో ఆ పడవాట ఆడుతుంటే చూస్తాడు. నేను వెనకనుంచి చూశాను. ఇక మా ఇంట్లో గుర్రాలు పరిగెత్తేటప్పుడు ఆ పిల్ల గోడ దగ్గర బట్టలారేస్తుంది. ఒకే తువ్వాలుని మూడుసార్లు దులిపి మూడుసార్లు ఆరేయడం కూడా నేను చూశాను.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏట్రా, ఆ ఆటేదో తెచ్చి మన పెట్టెలో పెట్టుకోరాదా?"

"రాదు నాన్నా. అది ఆ కంపెనీ పెట్టెలోనే ఆడుతుంది."

"ఏటి అడ్డం?"

"అడ్డమేం లేదు. వాళ్ళు రానివ్వరు. ఆ ఆట కోసమే కదా జనం ఆ పెట్టె కొనేది."

"మరి నువ్వు ఇదెందుకు కొన్నావు?"

"గుర్రం కోసం."

"మరి పడవ కావాలని ఏడుస్తున్నావు."

"నేనెప్పుడేడ్చాను?" అని లేచిపోయాడు.

నాకు బోధపడలేదు. ఒక కంపెనీ పడవ ఇంజను పంకా ఇంకో కంపెనీ ఇంజనుకి పట్టదు. అది నేనెరుగుదును. కాని ఇంజను ఎవరిదైనా కింద నీళ్ళు ఒకటే. నీళ్ళనే పెట్టెలో పెట్టుకుని తాళం వేసినవాణ్ణి నేను వినలేదు.

ఆ ఆటలో ఒక చిన్న పడవ, ఒక తెరచాప, ఒక మనిషి. వాడెవడో, ఎక్కడికి పోతున్నాడో నాకు తెలీదు. నేను చూసేది నీళ్ళని. గీసినవాడెవడో గాని ఒడ్డున చాలాకాలం కూర్చున్నవాడు. లోతు మొదలయ్యే చోట రంగు మారుతుంది. నీటికింద రాళ్ళున్న చోట అల నడుము విరిగి తెల్లగా పడుతుంది. గాలి రాబోయే ముందు నీటి మీద గరుకు నడిచి వస్తుంది. ఇవన్నీ ఉన్నాయి. సౌమ్య ఇవేవీ చూడదు. రెండు రాళ్ళగుట్టల మధ్య ఒక సందుంది, అది దాటితే పెద్ద సముద్రం. నాలుగు నెలలుగా ఆ పిల్ల అక్కడే పడవ బద్దలు కొట్టుకుంటోంది. అరుగు మీద నా కుడిచెయ్యి దానంతటదే కదిలేది.

ఆ సందు ఒక్కసారి నా చేత్తో దాటాలి. నాకు కావలసింది అంతే.

అడగొచ్చు కదా అంటారు. మా వాళ్ళలో అడగరు. ఎవడి పడవలోకీ పిలవందే కాలు పెట్టకూడదు. మనిషి తక్కువైతే పడవ గలవాడే ఒడ్డున నిలబడి పేరుపెట్టి పిలుస్తాడు. పిలవనివాణ్ణి అడిగి, వాడు కాదంటే, రేపు నడిసముద్రంలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు. అందుకని నేను అరుగు మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. చూసేవాణ్ణి చూస్తే పిలుస్తారనుకున్నాను.

ఆ పిల్ల చూసింది. చూసి కిటికీ మూసేసింది.

సాయంత్రం టీచరమ్మ గోడ దగ్గరికి వచ్చారు. "ఏమనుకోకండి నూకయ్యగారూ. సౌండు మీకు బాగా ఇబ్బందయినట్టుంది. రోజూ అలా గుచ్చి చూస్తున్నారంట, పిల్ల భయపడింది."

"అబ్బే, లేదమ్మా," అన్నాను.

"మీరు మొహమాటపడతారు, నాకు తెలుసు. ఇంకెన్నాళ్ళులెండి, గురువారం ఓడకి వెళ్ళిపోతాం. కాంప్‌బెల్ బేకి బదిలీ చేశారు నన్ను."

కాంప్‌బెల్ బే అంటే దీవులన్నిటికీ కొస. ఓడలో రెండు రోజులు. తెల్ల పెట్టె కూడా పోతుంది. ఏదో ఒకటి అనాలి. "సామాను తడవకుండా కట్టండి," అన్నాను.

లోపల కాసులమ్మ పట్టుకుంది. "ఏటయ్యా, ఆ ఆడపిల్లని అలా సూడ్డమేటి? పరువు తీస్తన్నావు."

"పిల్లని కాదు."

"మరి దేన్ని?"

నీళ్ళని అంటే మళ్ళీ డాక్టరు దాకా వెళుతుంది. లేచి అరుగు మీదికి వచ్చేశాను.

ఆ తర్వాత రెండు రోజులు కిటికీ తెరవలేదు. మంగళవారం పొద్దున, ఆ రెండు రకాల ఆకాశం కింద, తెరిచారు. లోపల ఉక్కపోత కాబోలు. గది నిండా అట్టపెట్టెలు, తాళ్ళు. టీవీ ఒక్కటే ఇంకా కట్టలేదు. సౌమ్య అట్టపెట్టె మీద కూర్చుని ఆడుతోంది. మళ్ళీ ఆ సందు. మళ్ళీ అదే తప్పు. అల లేస్తుండగా పడవని పక్కకి తిప్పింది.

టీచరమ్మ గొంతు వినబడింది. "ఇంక ఆపి తియ్యవే, సామాను రేవులో వెయ్యడానికి పదకొండింటికి బండి వాడు వస్తాడు."

"ఒక్కసారి అమ్మా, లాస్ట్."

అప్పుడు నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆగు."

సౌమ్య ఉలిక్కిపడి చూసింది. టీచరమ్మ కూడా కిటికీ దగ్గరికి వచ్చారు. ఇక ఆపడం నాకు చేతకాలేదు. "పెద్ద అలలు మూడు వస్తాయి. పోనీ. నాలుగోది చిన్నది. దాని వీపు మీద ఎక్కు. ఎడమ చేతి వైపు నీళ్ళు నల్లగా ఉన్నాయి చూడు, అదే లోతు. తెల్లగా విరిగే వైపు పోకు."

పోయిన నెల మొత్తంలో ఆ ఇంటితో నేనన్ని మాటలు మాట్లాడలేదు.

ఆ పిల్ల పడవని నిలబెట్టింది. అలలు లెక్కపెట్టింది. నాలుగోదాని మీద సగం దాకా వెళ్ళి, చివర్లో కంగారుపడి రాళ్ళకి కొట్టింది. అయినా ఇంతకుముందెప్పుడూ అంత దూరం పోలేదు. నోరు తెరిచి నా వైపు చూసింది.

"బాబాయ్! మీరు కోపంతో చూస్తున్నారనుకున్నాం. ఇదా చూసేది? లోపలికి రండి."

నేను లేవలేదు. లోపలికి రండి అని మర్యాదకి కూడా అంటారు. ఇది పిలుపా, మర్యాదా?

"నూకయ్య బాబాయ్, రండంటే! బండి వచ్చేస్తుంది."

పేరుపెట్టింది. లేచాను.

లోపల ఆ పిల్ల ఇచ్చిన, చేతిలో పట్టుకుని ఆడేది సబ్బుబిళ్ళ అంత బరువు కూడా లేదు. బొటనవేలి కింద చిన్న పుల్ల. "ఇది తిప్పితే పడవ తిరుగుతుంది," అంది సౌమ్య. మూడు అలలు పోనిచ్చాను. నాలుగోది వచ్చింది. ఎడమకి పోవాలి. పుల్లని కుడికి నొక్కాను. పడవ తిన్నగా పోయి కుడివైపు రాళ్ళ మీద ముక్కలైంది.

మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అవే రాళ్ళు. మూడోసారి కూడా. నీళ్ళు నాకు చదివినట్టే కనబడుతున్నాయి, అలలు నేననుకున్నప్పుడే వస్తున్నాయి, పడవ మాత్రం నేను వద్దన్న వైపే పోతోంది. నలభై ఏళ్ళు సముద్రం మీద తిరిగినవాణ్ణి. నా తల మళ్ళీ తిరుగుతోందేమో అనుకున్నాను.

"కావాలనే గుద్దుతున్నారా బాబాయ్?" అని నవ్వింది సౌమ్య. నా మొహం చూసి ఆపేసింది.

గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డట్టయింది. వీరేంద్ర. నేను అరుగు మీద లేకపోయేసరికి వాళ్ళమ్మ వెతకమని పంపింది. తెల్ల పెట్టె ముందు కూర్చున్న నన్ను చూసి వాడి మొహం ఎటు పెట్టుకోవాలో వాడికి తెలియలేదు. చెప్పులు విడవకుండానే చూస్తున్నాడు. నేను నాలుగోసారి కొట్టాను.

"నాన్నా," అన్నాడు మెల్లగా, "అది చుక్కాని కాదు."

చేతిలోదాన్ని చూసుకున్నాను. అవును. చుక్కాని పిడిని కుడికి తోస్తే పడవ ఎడమకి పోతుంది. నా చెయ్యి నలభై ఏళ్ళుగా అలాగే తోస్తోంది. ఇక్కడ ఎటు నొక్కితే అటే పోతుందట. అది తెలిసినా చెయ్యి వినలేదు. ఐదోసారీ రాళ్ళే.

"దీదీ, సెట్టింగ్స్‌లో మూడోది తెరువు. కింద రివర్స్ అని ఉంటుంది. ఎడమా కుడీ మార్చెయ్."

సౌమ్య మార్చింది. మార్చాక వాడి వైపు తిరిగింది. "నీకెలా తెలుసు? నువ్వెప్పుడూ ఆడలేదుగా ఇది. చిన్నపిల్లల బొమ్మలేగా!"

వాడు చెప్పులు విడవడంలో పడ్డాడు.

ఈసారి మూడు అలలు పోయాయి. నాలుగోదాని వీపు మీదికి పడవ ఎక్కింది. పిడిని కుడికి తోశాను, ముక్కు ఎడమకి వచ్చింది. నల్లనీళ్ళలోకి దిగింది. రాళ్ళు రెండు పక్కలా తెల్లగా పడి వెనక్కి పోయాయి. సౌమ్య అరిచింది. వీరేంద్ర నా పక్కన నేలమీద ఎప్పుడు కూర్చున్నాడో తెలీదు, నా మోకాలు పట్టుకుని ఉన్నాడు.

ముందు పెద్ద సముద్రం. ఎటు చూసినా నీళ్ళే.

గాలి ఎటుందో తెలియడానికి చెంప తిప్పాను. పైన ఫ్యాను గాలి తగిలింది. టీవీలో తెరచాప ఇంకో వైపు నిండి ఉంది.

"ఇప్పుడెటు వెళ్దాం బాబాయ్?"

నాకు తెలియలేదు. చేపల కోసం వెళ్ళేవాణ్ణి, దొరికితే తిరిగొచ్చేవాణ్ణి. ఇక్కడ వల లేదు. వెనక ఎదురుచూసే ఒడ్డు లేదు. దాటడం దాకానే అనుకున్నాను. లోపల ఉన్నది సంతోషమో, మరోటో. నాలుగు నెలలు చూసినది ఇదేనా అనిపించింది. కాదని కూడా చెప్పలేను, పడవ నిజంగానే నా చేతి కింద లేచి పడుతోంది.

వీరేంద్ర ఏమీ అడగలేదు. చూపు తెర మీదే ఉంది. నా మోకాలి మీద వాడి బొటనవేలు అటూ ఇటూ కదులుతోంది. వాడికి కావలసింది ఏమిటో అప్పుడు నాకు కనబడింది గాని, నా దగ్గరున్నది నాది కాదు. సౌమ్య వైపు చూశాను.

"ఎక్కు భయ్యా," అంది ఆ పిల్ల.

వాడి చేతికిచ్చి పక్కకి జరిగాను.

పదకొండయినా బండి రాలేదు. వాన కాబోలు. నన్నూ కొడుకునీ వెతుక్కుంటూ కాసులమ్మ వచ్చింది. మమ్మల్నిద్దరినీ ఆ పెట్టె ముందు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గిరుక్కున వెనక్కి వెళ్ళింది. చేపల కూర గిన్నెతో మళ్ళీ వచ్చింది. టీచరమ్మ కుక్కరు దించారు. కంచాలన్నీ కట్టేశారు, రెండే మిగిలాయి. మాకు గిన్నెల మూతల్లో వడ్డించారు. వీరేంద్ర ఆట ఆపి వచ్చి కూర్చున్నాడు. తెర మీద ఎవరూ ఆడించని పడవ కదలకుండా నిలబడి ఉంది.

టీచరమ్మ అన్నం వేశారు. కాసులమ్మ నా మూతలో ముక్క వేసి, నా మొహం చూసి, ఇంకో ముక్క వేసింది. వీరేంద్ర ముల్లు తీస్తున్నాడు. సౌమ్య తల వంచుకుని తింటోంది. నేను అన్నం కలుపుకున్నాను.