గోడవైపు తలుపు

నేను ఒక మసిగుడ్డను. ముక్కు మూసుకోకండి నాయనా, పుట్టుకతో మసిగుడ్డను కాను. చీరాలలో ఒక మగ్గం మీద పుట్టాను. వంగపండు రంగు ఒళ్ళు, సన్నటి పసుపుపచ్చ అంచు. నన్ను నేసినాయన రోజూ మగ్గం గుంటలోకి దిగేముందు కాళ్ళు కడుక్కునేవాడు, నూలుకు ఇసుక తగలకూడదని. ఆయనకి బళ్ళో నేర్పిన చదువు లేదు. ఈ ఒక్క సంగతి మాత్రం తెలుసు.

తెనాలిలో నాంచారమ్మ నన్ను పద్దెనిమిదేళ్ళు కట్టింది. కుంకుడు రసంలో ఉతికి, గంజి పెట్టి, దండెం మీద ఆరేసేది. నా కొంగుతో పిల్లల మూతులు తుడిచింది, పొయ్యి మీది గిన్నెలు దించింది, ఎవరూ చూడనప్పుడు కళ్ళు ఒత్తుకుంది. చిరిగాక ఉయ్యాలనయ్యాను, ఆ తర్వాత బొంతలో అతుకునయ్యాను, చివరికి ఈ జానెడు ముక్క మిగిలి వంటింట్లో మసిగుడ్డనయ్యాను. దానికీ నేను చిన్నబుచ్చుకోలేదు. మసిలో అన్నం వాసన ఉంటుంది. అసలైన రోత ఎలా ఉంటుందో ఆవిడ కొడుకు భద్రం నన్ను స్కూటరు సీటు కింద కుక్కిన రోజున తెలిసింది. ఇంజను జిడ్డు, కాకి రెట్ట, ఎప్పుడో కారిన పెట్రోలు.

భద్రం మంచివాడే. కానీ ఎరువు తెచ్చిన వస్తువు ఆయన చేతిలో ఒక అంగం పోగొట్టుకోకుండా తిరిగి వెళ్ళేది కాదు. నిచ్చెన ఒక మెట్టు తక్కువగా వెళ్ళేది, గొడుగు ఒక పుల్ల తక్కువగా వెళ్ళేది. అక్క మొగుడు చలపతిది నలుగురు చేరినచోటల్లా అదే పాట. "మా బామ్మర్దికి కత్తెరిస్తే రంపం చేసి తెస్తాడు!" అందరూ నవ్వేవారు. భద్రమూ నవ్వేవాడు. తర్వాత స్కూటరు దగ్గరికొచ్చి, శుభ్రంగా ఉన్న సీటునే నాతో చాలాసేపు తుడిచేవాడు.

నాంచారమ్మ కంటికి గుంటూరులో శుక్లాల ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. కూతురు పోరు పెడితే చలపతి తన నల్లటి కొత్త కారు నాలుగు రోజులు ఇచ్చాడు. కొని ఏడు నెలలే అయింది. తాళం ఇస్తూ వంద జాగ్రత్తలు చెప్పాడు. "ఎడంపక్క గోడకి ఆనించి పెట్టరా. పనికిమాలినవాళ్ళు వచ్చి గీకుతారు." భద్రం అలాగే పెట్టాడు. గోడకీ కారుకీ మధ్య పిల్లి కూడా దూరదు.

ఆపరేషన్ బాగా జరిగింది. అయిదో రోజు సాయంత్రం బావ వచ్చి కారు తీసుకెళతాడు. ఇచ్చినదానికన్నా మిన్నగా చేసి ఇవ్వాలని, ఆ కత్తెర మాట మళ్ళీ ఎవరి నోటా రాకూడదని భద్రం పట్టుబట్టాడు. పొద్దున్నే స్కూటరేసుకుని కార్ల సామాను కొట్టుకు వెళ్ళాడు. నన్నూ తీసుకెళ్ళాడు, నా ఖర్మ.

"మెరిసేది ఇవ్వండి."

"అన్నీ మెరిసేవేనండీ," అన్నాడు కొట్టాయన. మూడు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. "నీలం సీసా కడిగే షాంపూ. పసుపు డబ్బా పైపూత మైనం. ఈ ఎర్రమూతది గీతలు అరగదీసే పేస్టు. బండి కొని ఎన్నాళ్ళయింది?"

"ఏడు నెలలు. మా బావగారిది."

"అయితే ఎర్రమూత జోలికి పోకండి. నీడన పెట్టి, కడిగి, మైనం రాయండి చాలు. మెత్తటి గుడ్డ కూడా ఇమ్మంటారా?"

"గుడ్డుందిలెండి," అని భద్రం నన్ను బయటికి లాగాడు. కొట్టాయన నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను.

అంతటితో ఆగితే బాగుండేది. భద్రం ఎర్రమూత తీసి పేస్టును వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. గరగరలాడింది. ఇత్తడి గిన్నెలు తోమిన ఇంటివాడు కదా, గరుకుగా ఉంటేనే పనిచేస్తుందని నమ్మకం. నామీద ఇంత వేసి తన పదిహేనేళ్ళ స్కూటరు మీద రుద్దాడు. వెలిసిన రంగు కింద నుంచి పెళ్ళినాటి ఎరుపు తేలింది. ఆ ముసలిదానికి పనికొచ్చిన మందు పసిదానికెలా పనికొస్తుందని ఆయన అనుకోలేదు. మూడూ కొన్నాడు.

ఇంటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. కారు కడగనేలేదు. "రాత్రి వాన పడిందిగా, అదే కడిగింది," అనుకున్నాడు. కాలుతున్న బానెట్ మీద, గుంటూరు దారిలో చచ్చి అతుక్కున్న పురుగుల మీద, పేస్టు పూసిన నన్ను మోపాడు. ఛీ! కిరసనాయిల్లో అరటిపండు కుళ్ళబెట్టినట్టు వాసన. పురుగు కాళ్ళు నా పోగుల్లో ఇరుక్కున్నాయి. మధ్యలో చెయ్యి జారి పక్కింటివాళ్ళు పోయించిన ఇసుకలో పడ్డాను. మోకాలికేసి రెండుసార్లు దులిపి మళ్ళీ రుద్దాడు. దులిపితే పోయే ఇసుకా అది? నన్ను నేసినాయన చూసుంటే మగ్గం గుంటలోనే కుప్పకూలేవాడు. ప్రతి ఇసుకరేణువూ నా చేత గీయించింది. మెత్తగా బతికినదాన్ని, ఆ పూట ఆకురాయినయ్యాను.

నల్లకళ్ళద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చున్న నాంచారమ్మ మెడ చాచింది.

"ఒరే భద్రం, కారు మీద ఆ సాలెగూళ్ళేంట్రా?"

"అబ్బే, ఏం లేవమ్మా. నీ కన్ను ఇంకా కుదుటపడలేదు."

"కుదుటపడకేం? కోసినాయన నీకన్నా పని తెలిసినోడు."

భద్రం ఒంగి చూశాడు. బానెట్ నిండా, కుడి తలుపుల నిండా సున్నాలు సున్నాలుగా గీతలు. వాటిమీద మైనం పూశాడు. గీతలు కాసేపు దాక్కుని, ఆరాక మళ్ళీ బయటికొచ్చాయి.

నాలుగింటికి చలపతి వచ్చాడు. బానెట్ మీద వేలు పెట్టి రాశాడు. ఆ వేలు నా మీదికే తిప్పాడు.

"దీంతోనా రుద్దావు? ఈ అశుద్ధంతోనా?"

నాంచారమ్మ నడుముకు చుట్టుకున్నదాన్ని, ఆ మాట పడ్డాను.

"నేనే చేశాను బావగారూ. బాగుంటుందనుకున్నా. రేపు షెడ్డుకు తీసుకెళ్ళి సరిచేయించి తెస్తాను."

"మళ్ళీ నీ చేతికా? కత్తెరిస్తే రంపం చేస్తావని ఊరికే అన్నానా? ఇక మా గుమ్మంలో చెప్పు కూడా నీకివ్వను!" అని తాళం లాక్కుని ఎక్కాడు. భద్రం నన్ను పిడికిట్లో నలుపుతూ నిలబడిపోయాడు.

చలపతి కారును వెనక్కి తీసి వీధిలోకి తిప్పేసరికి ఎడంపక్క ఇంటివైపుకు వచ్చింది. దానిమీద సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడింది.

"అల్లుడుగారూ, ఒక్క నిమిషం," అంది నాంచారమ్మ. "ఆ తలుపు మీద కూడా సాలెగూళ్ళేనే! అటువైపు మావాడు వెళ్ళనే లేదు. గుంటూరు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ గోడకే ఉందిగా?"

ఇంజను ఆగింది. చలపతి దిగి, తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. అంత తలుపుకు ఆయన నడుము ఎక్కడ సరిపోతుంది?

"అది... కొన్న నెలలోనే, చిన్న మరకుంటేనూ, అత్తయ్యగారూ..."

భద్రం మెల్లగా అడిగాడు. "ఎర్రమూతదా బావగారూ?"

చలపతి నేలచూపులు చూశాడు. "వేళ్ళ మధ్య గరగరలాడిందిరా. పనిచేస్తుందనుకున్నా."

నాంచారమ్మ నవ్వు ఆపుకోలేక, కంటికి నీళ్ళు తగలకూడదన్న డాక్టరు మాట గుర్తొచ్చి, కొంగు నోట్లో కుక్కుకుంది.

తప్పయిందని చలపతి అనలేదు. మనుషులకు ఆ మాట గొంతులో అడ్డం పడుతుంది. తాళం తెచ్చి భద్రం చేతిలో పెట్టాడు. "రేపు షెడ్డుకు నువ్వే తీసుకెళ్ళు. ఈ తలుపు కూడా చూడమను. మీ అక్కకు మాత్రం చెప్పకు," అని బస్సెక్కడానికి నడిచి వెళ్ళిపోయాడు. భద్రం ఆ తాళాన్ని చాలాసేపు జేబులో వేసుకోలేదు.

నాంచారమ్మ నన్ను రెండు వేళ్ళతో ఎత్తి, "ఛీ ఛీ, నా వంగపండు చీర!" అంది. కుంకుడు రసంలో మూడుసార్లు నానబెట్టింది. పురుగు కాళ్ళు పోయాయి గానీ ఆ వాసన పోలేదు. ఇప్పుడు పెరట్లో కుళాయి కింద పడి ఉన్నాను. నా పక్కనే నీలం సీసా, అదే, కడిగే షాంపూ. ఈరోజుకీ దాని మూత ఎవరూ తియ్యలేదు.