ఎండ చూసిన మణిశిల

మా ఆయన కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తారు. ఇంటికొచ్చాక రాళ్ళు చూస్తారు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది. ఇన్నేళ్ళలో నేను ఆయన మొహం చూసిన దానికంటే ఆ రాళ్ళ మీద దుమ్ము తుడిచిందే ఎక్కువ. సూదుల్లా పొడుచుకొచ్చినవి, పొరలు పొరలుగా ఊడేవి, లోపల నీటిబొట్టు అటూ ఇటూ కదిలేది, ఇలా ఎన్నో. కాపురానికొచ్చిన కొత్తలో ఒక రాయిని కుళాయి కింద పెట్టి శుభ్రంగా తోమాను. అది ఉప్పురాయి. సగం కరిగిపోయింది. "పోనీలే, మిగతా సగం కూరలో వెయ్యి" అన్నారు. కోపం రాని మనిషితో కాపురం కూడా ఒక శిక్షే.

అన్నింటిలోకీ ఒక్కదానికే బీరువా తాళం. అది మణిశిల, రేగుపండంత ఎర్రటి స్ఫటికం. వెలుతురు తగిలితే పసుప్పచ్చగా మారి పొడి రాలిపోతుందట. అందుకే నల్లగుడ్డ చుట్టి డబ్బాలో పెట్టారు. ఏడాదికోసారి తలుపులు మూసి, చిన్న టార్చి వేసి, పది లెక్కపెట్టేదాకా చూడనిచ్చేవారు. ఏడు అంకె దగ్గరకొచ్చేసరికి గానీ నా కళ్ళు కుదురుకునేవి కావు. మిగిలిన మూడంకెల్లో ఏం చూస్తాం?

నేను దర్జీని. ఎర్రగుడ్డ కొనాలంటే దుకాణం బయటికి తెచ్చి ఎండలో చూస్తే గానీ నమ్మను. ఆ అలవాటే కొంప ముంచింది. పోయినేడు ఒకరోజు ఆయన పనికెళ్ళాక తాళం తీసి, రాయిని కుట్టుమిషను పక్క కిటికీలో పెట్టాను. ఒక్కసారే అనుకున్నాను. అది రోజూ అయింది. చూడడం, విషపు రాయి కాబట్టి సబ్బుతో చేతులు కడుక్కోవడం, మళ్ళీ గుడ్డ చుట్టి దాచేయడం. నాలుగు నెలలకి నల్లగుడ్డ మీద పచ్చటి పొడి కనిపించింది. వెంటనే ఆపేశాను గానీ, ఆపి ఏం లాభం?

ఈ నెలలో మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చింది. మణిశిలని చీకటిగదిలో ప్రదర్శనకి పెడతామని, కింద ఆయన పేరు రాస్తామని. ఆయన ఆ ఉత్తరం నాకు మూడుసార్లు చదివి వినిపించారు. నేను తేలు కుట్టిన దొంగలా మిషను తొక్కుతూ కూర్చున్నాను. చెప్పాలని నోరు తెరవడం, మూసుకోవడం, వారమంతా ఇదే తంతు.

మ్యూజియం ఆవిడ వచ్చింది. ఆయనే గుడ్డ విప్పారు. ఒక పక్క అంతా పసుప్పచ్చగా, పొడిపొడిగా ఉంది.

"ఇది చాలాసార్లు ఎండ చూసిందండీ. తీసుకెళ్ళలేను" అందావిడ మెల్లిగా.

ఆయన కాసేపు రాయినీ గుడ్డనీ మార్చి మార్చి చూశారు. "ఉండబట్టలేక నేనే తీసి చూసుకునేవాణ్ణి" అన్నారు.

ఆవిడ వెళ్ళిపోయింది. తలుపు వేసి వచ్చి, "నేనేనండీ" అన్నాను.

"తెలుసు. నేనెప్పుడైనా గుడ్డని అంచుకి అంచు కలిపి మడతపెట్టానా?"

"మరి ఆవిడకి ఎందుకలా చెప్పారు?"

ఆయన డబ్బా పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని నా మిషను దగ్గర కూర్చున్నారు. మొహంలో కోపం కోసం వెతికాను. బాధ ఉంది. దాంతోపాటు, కొత్త రాయి దొరికినరోజు ఉండే ఆత్రం కూడా ఉంది.

"ఇన్నేళ్ళూ దాచానే గానీ, నేనొక్కసారీ ఎండలో చూడలేదు. ఎలా ఉండేది?"

నాకు ఏడుపొచ్చేసింది. కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టాను. ఒట్టి ఎరుపు కాదండీ, అంచుల్లో నారింజ, కాస్త తిప్పితే లోపలెక్కడో నిప్పు రాజుకున్నట్టు...

"తొందరేం లేదు, నెమ్మదిగా చెప్పు" అన్నారు.