హంసవాణి టాకీస్ మ్యాట్నీ గంట

నేను ఒక కరెంటు గంటని. గుడిగంటలా నన్ను చూసి ఎవరూ దణ్ణం పెట్టరు, బడిగంటలా నాకోసం ఎవరూ చెవులు రిక్కించరు. బోర్లించిన ఇనుప గిన్నె, దాని పక్కన చిన్న సుత్తి, లోపల రాగితీగ చుట్ట, ఇంతే నా ఒళ్ళు. మద్రాసులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నాతోపాటు తయారైనవాళ్ళలో చాలామంది ఆఫీసుల్లో బంట్రోతుల్ని పిలవడానికి వెళ్ళారు. నన్ను మాత్రం రెండు ప్రొజెక్టర్లతో కలిపి గడ్డి పరిచిన చెక్కపెట్టెలో పెట్టి గోదావరి దాటించారు.

అలా కోనసీమలోని హంసవాణి టాకీస్‌కి చేరాను. ముఖద్వారం మీద సున్నంతో చేసిన రెండు హంసలు, వాటి మధ్య 1949 అన్న అంకె ఉండేవి. నన్ను పై అంతస్తులో ప్రొజెక్టర్ల కేబిన్ గోడకి బిగించారు. హాలు నిండగానే కింద బుకింగ్ గదిలోంచి మేనేజరు మీట నొక్కేవాడు. నేను పొడుగ్గా మోగితే బొమ్మ మొదలుపెట్టమని అర్థం. జనం ఈలలన్నీ తెర మీది మనుషులకే వేశారు. నేను మోగకపోతే ఆ మనుషులు కదలరని ఎవరికీ తట్టలేదు.

నా కింద ముగ్గురు ఆపరేటర్లు పనిచేశారు. మొదటివాడు నిద్రమొహం, రెండోవాడు కోపిష్టి. మూడోవాడు గవర్రాజు. చెప్పుకోదగ్గవాడు అతనే. ప్రింటు మీద గీత కనబడితే తన ఒంటి మీద పడినట్టే బాధపడేవాడు. మార్నింగ్ షో అయ్యాక రీళ్ళన్నీ వెనక్కి చుట్టి, మళ్ళీ రెండున్నరకి మ్యాట్నీ వెయ్యాలి కాబట్టి ఇంటికెళ్ళి తినే తీరిక ఉండేది కాదు. భార్య పోయాక ఎనిమిదేళ్ళ కూతురు మంగతాయారు వంట నేర్చుకుని మధ్యాహ్నం కేరేజీ తెచ్చేది. టిక్కెట్ల కోసం తోసుకునే మగవాళ్ళ మధ్య ఆ పిల్ల నిలబడటం గవర్రాజుకి ఇష్టం లేదు. అందుకని పక్కనే ఉన్న పిండిమరలోంచి నాకొక తీగ లాగాడు. తాయారు కేరేజీ మరలో పెట్టి వెళ్ళగానే, మర యజమాని అబ్బులు బల్ల కింద ఉన్న మీట ఒక్కసారి నొక్కేవాడు. నేను పొట్టిగా మోగేదాన్ని. గవర్రాజు వెనక మెట్ల మీంచి దిగి వెళ్ళేవాడు. పిల్లకి ఈ తీగ సంగతి తెలియదు. నాన్న కేబిన్ కిటికీలోంచి తనకోసమే చూస్తూ కూర్చుంటాడని అనుకునేది. నన్నడిగితే, ఆ అపోహ తీగ కంటే మంచిదే.

ఇలా పదకొండేళ్ళు గడిచాయి. ఒకరోజు తాయారు రాలేదు. అయినా రెండు దాటాక నేను పొట్టిగా మోగాను. గవర్రాజు దిగి వెళ్ళి, కాసేపటికి తుండుతో మూతి తుడుచుకుంటూ పైకొచ్చాడు. మొదటి రీలు ఎక్కించాడు. ఆపైన స్టూలు మీద కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. మేనేజరు నన్ను మోగించాడు, మోగిస్తూనే ఉన్నాడు. కింద జనం ఆపరేటరుని తిట్టారు. ఎవరో పైకొచ్చి చూసేదాకా తిడుతూనే ఉన్నారు.

పదోరోజు పిండాన్ని కాకి ముట్టలేదట. ఏ కోరిక మిగిలిపోయిందోనని తలా ఒక మాటా చెప్పి చూశారట. చివరికి దర్భతో కాకిని చేసి ముట్టించారట. గోడ మీద ఉన్నదాన్ని, నేను వెళ్ళి చూడలేదు. కానీ ఆ పిల్ల మనసులో ఏం పడిందో ఊహించగలను. నాన్న ఆకలితో పోయాడని, అందుకే కాకి రాలేదని.

తర్వాత హాలు మూతబడింది. ప్రొజెక్టర్లని పాత ఇనుము కింద పట్టుకుపోయారు. నన్నెవరూ అడగలేదు. అబ్బులు కొడుకు సూరిబాబు మూడేళ్ళ కిందట ఒక ఎలక్ట్రీషియన్ చేత మరకి కొత్త మోటారు పెట్టించాడు. ఆ ఎలక్ట్రీషియన్ ఎక్కడిదో తెలియని నా తీగని కూడా స్టార్టరులో కలిపేశాడు. దాంతో మోటారు వేసినప్పుడల్లా నేను ఒకసారి పొట్టిగా మోగుతున్నాను. పొద్దున తొమ్మిదింటికి మర తెరిచినప్పుడూ మోగుతాను. కూరగాయల బళ్ళ గోలలో అది ఎవరికీ వినబడదు. భోజనాలయ్యాక రెండింటికి వీధి నిద్రపోతుంది, అప్పుడు మర మళ్ళీ వేస్తే వినబడుతుంది. ఇంకేముంది, గవర్రాజు మ్యాట్నీ దయ్యమైపోయాడు. పోయాక ఇరవై నాలుగేళ్ళదాకా ఊరుకున్నవాడికి ఇప్పుడే ఎందుకు బుద్ధి పుట్టిందని ఒక్కరూ అడగలేదు.

ఈ మాట రాజమండ్రిలో ఆర్టీసీ కండక్టరుగా ఉన్న తాయారు చెవిన ఆమె బస్సులోనే పడింది. వెనక సీట్లో ఎవరో నవ్వుకుంటూ చెప్పుకుంటున్నారట. ఆమె సెలవు పెట్టి, దయ్యాల్ని పరిశోధించేవాళ్ళని విశాఖపట్నం నుంచి పిలిపించింది.

వాళ్ళు ఇద్దరు. కెమెరా పట్టుకున్న ప్రణవ్ తన ఛానల్‌కి మంచి వీడియో దొరుకుతుందని వచ్చాడు. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివిన హిమజ పెట్టెనిండా మీటర్లు తెచ్చింది. పట్టపగలు వచ్చే దయ్యం ప్రణవ్‌కి అసలు నచ్చలేదు. కిటికీలకి నల్లగుడ్డలు కట్టి చీకటి చేశాడు. పక్క మరలో పొద్దున మిరపకాయలు ఆడించారు, ఆ ఘాటు ఇంకా హాల్లోనే ఉంది. ముగ్గురూ దగ్గుతూనే ఉన్నారు. వాళ్ళ రికార్డరు ఆ దగ్గుల్ని కూడా జాగ్రత్తగా నమోదు చేసుకుంది.

"నిజంగా ఆయనే అయితే ఏం చేస్తారు మేడమ్?" అని హిమజ తాయారుని అడిగింది.

"ఆ రోజు నేను అన్నం పట్టుకెళ్ళలేదమ్మా. ఎందుకు పట్టుకెళ్ళలేదో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నాన్న ఇక్కడ లేడని తేలితే చాలు నాకు."

రెండు కావస్తుంటే ప్రణవ్ గొంతు బరువు చేసుకున్నాడు. "గవర్రాజు గారూ, ఇక్కడ ఉన్నారా? ఉంటే ఏదైనా సంకేతం ఇవ్వండి."

పక్కన సూరిబాబు మోటారు వేశాడు. నేను మోగాను. మోగకుండా ఉండటం నా చేతిలో పని కాదు. అంతలా సిగ్గుపడిన రోజు నాకు మరొకటి లేదు.

తాయారు కేబిన్ వైపు తలెత్తి చూసింది. "నాన్నా, ఆకలేస్తందా?" అంది.

ప్రణవ్ కెమెరా ఆమె మొహం మీదికి తిప్పాడు. హిమజ మాత్రం టార్చి పట్టుకుని తిన్నగా కేబిన్‌లోకి వచ్చింది. ఇన్నేళ్ళకి ఒక మనిషి నన్ను సరిగ్గా చూసింది. బూజు దులిపి, నా వెనక వేలు పెట్టి, తీగ వెంట వెళ్ళింది. వెంటిలేటరు దాటి, గోడవెంట, పిండిమరలోకి. వెనకే తాయారు కూడా.

"ఈ తీగా అండి? మోటారు బిగించినోడు కలిపేశాడండి, ఎక్కడిదో మాకూ తెల్దు. నాన్ననడగండి, కానీ గట్టిగా అడగాలి," అన్నాడు సూరిబాబు.

నలభై ఏళ్ళు మర పక్కన కూర్చుని అబ్బులుకి చెవులు పోయాయి. నా మోత గానీ, మ్యాట్నీ దయ్యం కబుర్లు గానీ అతని దాకా చేరనే లేదు. చెవిటివాళ్ళు గట్టిగా మాట్లాడతారు కాబట్టి, మోటారు ఆపగానే అతని మాట ప్రతి ఒక్కటీ వెంటిలేటరులోంచి నాకు వినబడింది.

"నువ్వు మా గవర్రాజు కూతురివి కదమ్మా. ఇదా? ఇది నీ కేరేజీ బెల్లే తల్లీ. నువ్వు ఎండలో నిలబడకూడదని మీ నాన్న లాగించాడు."

తాయారు అతని చెవి దగ్గర అరిచింది. "ఆ రోజు నేను రాలేదు కదా బాబాయ్, నాన్న ఏమీ తినకుండానే పోయాడు."

"ఎవరు చెప్పారు నీకు? రెండయినా నువ్వు రాపోతే నేనే బెల్లు కొట్టాను. వచ్చాడు. మీ పిన్ని కట్టిన కేరేజీలో ఇద్దరం తిన్నాం. బొమ్మిడాయిల పులుసు. రెండుసార్లు ఏయించుకున్నాడు."

"నేనెందుకు రాలేదో అడగలేదా?"

"నేనే అడిగాను. నవ్వాడు. 'కొత్త హాలుకి నేస్తాలతో బొమ్మకెళ్ళింది, నాకు తెలీదనుకుంటంది. ప్రింటు ఎలాగుందో రాత్రికి అడగాల్రా' అన్నాడు."

తాయారు ఎవరికీ చెప్పని సంగతిని ఆ ముసలాయన వీధంతా వినబడేలా చెప్పేశాడు. నాకు మాత్రం సంతోషంగా ఉంది. అతను దిగి వెళ్ళడం, మూతి తుడుచుకుంటూ రావడం నేను చూశాను గానీ, చెప్పడానికి నాకు నోరేది?

ప్రణవ్ ఆ తర్వాత వీడియో పెట్టాడు. తీగ ఉన్న భాగాన్ని ఎవరూ పెద్దగా చూడలేదట. ఊళ్ళో ఇప్పుడు కూతురు వచ్చి పిలిచిందని, గవర్రాజు వెళ్ళిపోయాడని చెప్పుకుంటున్నారు. తీగ మాట ఎవరికీ రుచించలేదు. నాకు తీగ సంగతి బాగా తెలుసు, అయినా వాళ్ళు పూర్తిగా తప్పని అనలేను. ఎందుకంటే ఆ మధ్యాహ్నం చివర జరిగినది నేను చూశాను.

హిమజ కటింగ్ ప్లయరు తీసి, "కోసెయ్యమంటారా?" అంది.

"ఒక్క నిమిషం ఆగమ్మా," అంటూ తాయారు కేబిన్‌లోకి వచ్చింది. వేడి అని, ప్రమాదమని, ఆ పదకొండేళ్ళలో గవర్రాజు ఆమెని ఒక్కసారి కూడా ఇందులోకి రానివ్వలేదు. స్టూలు లేదు, ప్రొజెక్టర్లు లేవు. నేల మీద వాటి బోల్టుల గుంటలు ఉన్నాయి. ఆమె వాటి మధ్య నిలబడి, పైటచెంగుతో ముక్కు తుడుచుకుంది.

"ప్రింటు ఏం బాలేదు నాన్నా," అంది. "రెండో రీలంతా గీతలే. ఇంటర్వెల్ ముందు పాటలో ఒక ముక్క లేచిపోయింది. ఆపరేటరు ఫోకస్ కూడా సరిచెయ్యలేదు. మన హాల్లో అయితే నువ్వు ఆ రీళ్ళ పెట్టె వెనక్కి పంపించేసేవాడివి."