మేలూరులో నవ్విన నవ్వు

ఇంటి మీదుగా వాయుసేన విమానం పోతే చాలు, చేతిలో ముద్ద వదిలేసి మిద్దె మీదికి పరిగెత్తే పిల్లవాడు నరేన్. వాయుసేన స్థావరం పక్కనే ఉన్న సూలూరులో పుట్టిన పిల్లలందరికీ ఆ మోత అలవాటే. వీడికి మాత్రం అది ఆశ. ప్లస్ టూ కాగానే వాయుసేనలో చేరాలనుకున్నాడు. ఇంత బరువుతో కుదరదని బడిలో పీటీ మాస్టరు చెప్పిన రోజు అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు.

వాళ్లమ్మ రంగనాయకి వాణ్ని డాక్టర్ జీవా దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ అంతా విని, "ఇది పిల్లాడి ఒక్కడి పని కాదు, ఇంటిల్లిపాదీ చెయ్యాలి" అంది. "ఎదిగే పిల్లాణ్ని పస్తు పెట్టొద్దు. మూడు పూటలా ఇంటి అన్నం తిననివ్వండి. సీసా డ్రింకులు, బేకరీ తిండి తగ్గించండి. బాగా ఆడాలి, బాగా నిద్రపోవాలి. నెమ్మదిగా తగ్గితేనే నిలుస్తుంది. ఇంకొక మాట. వాడి ఒంటి గురించి ఎవరూ ఎగతాళి చెయ్యకూడదు."

ఇంట్లో అందరూ మారారు. వాళ్ల నాన్న రాజ్‌మోహన్ మగ్గాల షెడ్డు నుంచి వస్తూ బజ్జీల పొట్లం తేవడం గొణుక్కుంటూనే మానేశాడు. రంగనాయకి కూరలు ఎక్కువ చేసి, నూనె తగ్గించింది. సాయంత్రం తల్లీకొడుకులు మిల్లు గోడ వెంబడి నడిచేవాళ్లు. ఆ నడకలో వాడు ఎన్నడూ చెప్పనివన్నీ చెప్పాడు. క్లాసులో తనకు పెట్టిన పేర్లు, ఫోటో తీసేటప్పుడు వెనక వరుసలో దాక్కోవడం.

"నీతో చెప్పేదానికి నాకు సిగ్గు లేదుమా" అన్నాడొకసారి.

"నాతో సిగ్గేంటికి కన్నూ?" అంది ఆమె.

ప్యాంటు కొంచెం కొంచెం వదులవుతూ వచ్చింది. వాడి నడకలో హుషారు వచ్చింది.

అప్పుడే మదురై దగ్గర మేలూరులో రంగనాయకి అన్న ఉదయకుమార్ కొత్త ఇంట్లో పాలు పొంగించారు. చుట్టాలంతా చేరారు. పంక్తిలో నరేన్ అన్నం కొంచెమే పెట్టించుకుంటుంటే, వడ్డిస్తున్న మదన్ బకెట్టు కింద పెట్టి నడుము మీద చెయ్యి వేసుకున్నాడు. మదన్ ఉదయకుమార్ కొడుకు, నరేన్‌కు బావ.

"ఏమ్రా, ఏర్‌ఫోర్సులో చేరతావంటనే? నువ్వెక్కితే విమానం లేస్తాదా? రన్‌వే మీదనే కూలబడతాదిరా!"

పంక్తి పంక్తంతా గొల్లుమంది. వదిన నవ్వుతూ రంగనాయకి వైపు చూసింది. పుట్టింటి శుభకార్యం, మొహం ముడుచుకుంటే బాగుండదు. రంగనాయకి కూడా నవ్వింది. అప్పుడే నరేన్ తలెత్తి అమ్మను చూశాడు. మళ్లీ తల దించుకుని తిన్నాడు.

మదురై బస్టాండు మాట్టుతావణిలో బస్సెక్కినప్పటి నుంచి సూలూరు చేరేదాకా వాడు కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. మర్నాడు సాయంత్రం ఆమె చెప్పులు వేసుకుంటుంటే, "నేనొక్కణ్నే పోతానుమా" అన్నాడు. వయసొచ్చిన పిల్లాడు, తల్లితో నడవడం నామోషీ అయ్యుంటుందని ఆమె సరిపెట్టుకుంది.

బడిలో వాడు తన అన్నం పక్కవాళ్లకు పెట్టేస్తున్నాడని ఆమెకు తెలియదు. ఖాళీ కడుపుతో మిట్టమధ్యాహ్నం ఎండలో పరిగెత్తుతున్నాడనీ తెలియదు. మనిషి గబగబా సన్నబడ్డాడు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆమె కూడా, "ఎంత బాగుండావురా" అని మురిసింది. కళ్ల కింద నలుపు చూసి ఒకసారి జీవా దగ్గరికి పోదామనుకుంది. ఇంట్లో ఏదో పని అడ్డొచ్చింది. తర్వాత చూద్దామనుకుంది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం బడి నుంచి ఫోనొచ్చింది. నరేన్ మైదానంలో పడిపోయాడు.

కోయంబత్తూరు ఆసుపత్రిలో గాజు తలుపు ఇవతల ఆమె నిలబడి ఉండిపోయింది. ప్రాణం దక్కింది. వడదెబ్బకు పాడైన కిడ్నీలు మాత్రం పూర్తిగా కోలుకోలేదు. ఇక మందులతోనే బతుకు, ఒళ్లు అలిసే పని కూడదు, ఆ ఉద్యోగం ఆశ వదులుకోవాల్సిందే అన్నారు. డాక్టర్ జీవా చూడడానికి వచ్చి, "బాగా తగ్గుతా ఉన్న పిల్లాడమ్మా, ఎందుకింత తొందరపడ్డాడు?" అని అడిగింది. రంగనాయకికి జవాబు తెలుసు.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు మదన్ మేలూరు నుంచి వచ్చాడు. నరేన్ చేతులు రెండూ పట్టుకుని ఏడ్చాడు. "నా నోరే నిన్నిట్ల చేసిందిరా. నన్ను కొట్టరా."

"విడు బావా, తమాషాకు అంటివి" అన్నాడు నరేన్. మదన్ కళ్లు తన చేత్తో తుడిచి, నరేనే ఏదో జోకు వేశాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. వంటింట్లో చప్పిడి పప్పు కలుపుతున్న రంగనాయకి ఆ నవ్వు విని గరిటె వదిలేసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక వాడు ఆమెతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

మదన్ వెళ్లిపోయాక ఆమె మంచం పక్కన కింద కూర్చుంది.

"వాణ్ని మన్నిస్తివి. నాతో మాట్లాడేదానికి ఏమిరా నాయనా? తప్పు చేస్తిని. అందరూ నవ్వినారని నవ్వితిని."

నరేన్ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. వాడి గొంతులో కోపం లేదు.

"వాళ్లు నవ్వేది నాకు అలవాటేమా. నువ్వు నవ్వేదే అలవాటు లేదు."

ఆమె చెయ్యి చాపింది. వాడు విదిలించుకోలేదు, పట్టుకోలేదు. కాసేపటికి మందు వేళయిందని లేచి, గోడ పట్టుకుంటూ తానే నీళ్లు తెచ్చుకోవడానికి వెళ్లాడు.