గోధుమది

మొదట చెవులు, తర్వాత భుజం, చివర గోళ్లు. ముప్పై ఏళ్ల అటవీ ఉద్యోగంలో ఆర్విడ్ ఎలుగును చూసే వరుస అది. రంగును లెక్కలోకి తీసుకోడు. చక్రాల మీది ఇనుప గొట్టపు బోను ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఊచల సందులోంచి టార్చి వేశాడు. లోపల దవడలు టకటకలాడాయి. మరుక్షణం బోను మొత్తం అతని మీదికి ఊగింది. ఆర్విడ్ వెనక్కి జరగలేదు. పులిసిన పళ్ల వాసనతో వేడి ఊపిరి ముఖానికి కొట్టింది.

నిక్కిన చెవులు. మూపురం లేని భుజం. చెట్లెక్కడానికి వంగిన పొట్టి గోళ్లు. ఒంటి మీద మాత్రం కోతకొచ్చిన చేను లాంటి బొచ్చు.

"చూశావుగా, గోధుమది!" మెట్ల మీద నుంచి ఓపల్ అరిచింది. డెబ్బై దాటిన మనిషి, ఒంటరిది. ఈ వారంలో రెండుసార్లు ఆమె వంటింటి తలుపు పీకింది ఈ జంతువే. "కొండమీద వదిలెయ్. దాన్ని చంపావంటే మళ్లీ నా గడప తొక్కకు."

ఆ లోయలో ఎలుగు విషయంలో నల్లది, గోధుమది అనేవి రంగులు కావు, జాతుల పేర్లు. గోధుమది అంటే గ్రిజ్లీ. అవి కొద్దిగానే మిగిలాయి కనుక, ఇళ్లలో దూరినా ముందు కొండల్లో వదిలి చూస్తారు. నల్లది దూరితే తుపాకీయే. చిక్కేమిటంటే, నల్ల తల్లి ఎలుగుకు ఒకే కాన్పులో ఒక పిల్ల బొగ్గులా, మరొకటి తేనెరంగులో పుట్టవచ్చు. అయినా రెండూ నల్లవే. తేడా చెప్పేవి చెవులు, భుజం, గోళ్లే.

"ఇది నల్లదండీ, ఓపల్ గారూ."

"ఇదెక్కడి నలుపయ్యా! నీ కళ్లకేమైనా పొరలొచ్చాయా?" ఆమె దిగి వచ్చి అతని చొక్కా చేయి పట్టుకుంది. గొంతు తగ్గింది. "నా తలుపు తట్టేది అదొక్కటే, నాయనా."

ఆర్విడ్ టార్చి ఆర్పాడు. ఇలాంటి మాటలకు అతను సరైన జవాబు చెప్పింది ఎప్పుడూ లేదు. భార్య మార్లీస్ పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడి, "నేను లేకపోతే నీకు బెంగగా ఉంటుందా?" అని అడిగినప్పుడు అతను నిజంగానే ఆలోచించాడు. "సాయంత్రాలు ఉంటుంది," అన్నాడు. ఆమె మిగిలిన మాట కోసం చూసి, వెళ్లిపోయింది. పదకొండేళ్లయింది. తను చెప్పినదాంట్లో తప్పేమిటో అతను ఇప్పటికీ వెతుకుతున్నాడు.

నడుముకున్న వైర్‌లెస్ గరగరలాడింది. ఆఫీసు నుంచి డ్వేన్. వయసులో చిన్న, ఉద్యోగంలో పెద్ద.

"ఏం పెద్దాయనా, చేప పడిందా?"

"పడింది."

"నల్లదా, గోధుమదా?"

ఓపల్ వేళ్లు చొక్కా మీద బిగిశాయి. బోనులో చప్పుడు ఆగింది. ఊచల వెనక తేనెరంగు ముఖం, అందులో ఒక చిన్న కన్ను, అతన్నే చూస్తోంది. ఆర్విడ్ బొత్తాం నొక్కాడు.

"గోధుమది."

కంటికి కనిపిస్తున్న రంగే కదా. అబద్ధం కాదు.

"గ్రిజ్లీయా! సరే, కొండమీది కలప లారీల పాత దారి చివర వదిలెయ్. రాసేసుకుంటున్నా."

ఓపల్ కళ్లు తుడుచుకుంది. "ఉండు, కాఫీ తెస్తా," అంటూ లోపలికి నడిచింది.

ఇక బోనును ట్రక్కుకు తగిలించుకోవడమే. రాసేసుకుంటున్నా అన్న మాట చెవి దగ్గర దోమలా తిరిగింది. బొటనవేలు దానంతట అదే బొత్తాం మీదికి పోయింది.

"డ్వేన్, గోధుమ అన్నది రంగు. జాతి నల్లది."

"నేనడిగింది జాతే కదయ్యా."

"తెలుసు."

"పోనీ, ఈ రెండో మాట నాకు వినపడలేదనుకోనా?"

ఆర్విడ్ నిజంగానే ఆలోచించాడు.

"వినపడింది కదా," అన్నాడు.

ముందు మత్తుసూది. ఎలుగు కాళ్ల మీద తల వాల్చేదాకా ఆగాడు. తర్వాత తుపాకీ. ఒక్క నిమిషం పని.

సంతకం కోసం కాగితాలు పట్టుకుని వంటింటి గుమ్మం ఎక్కాడు. ఓపల్ అతని వైపు చూడకుండా సంతకం చేసి, వెనక్కి తిరిగి కుళాయి తిప్పింది. కాగితంలో ఒక గడి మిగిలింది: ఇంటి దగ్గర బొచ్చు దొరికితే పరీక్షకు కత్తిరించి కవరులో వేయాలి. ఆర్విడ్ తలెత్తాడు. ఊడిన తలుపు బందు మేకుకు ఒక కుచ్చు చిక్కుకుని ఉంది. కత్తెర జేబులోనే ఉంది.

గడిలో 'ఏమీ లేదు' అని రాశాడు.

ట్రక్కు మలుపు తిరిగింది. ఓపల్ తలుపు మేకు మీద ఆ కుచ్చు, మొదళ్లలో ముదురుగా, కొసల్లో ఎండలా, గాలికి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది.