ఇష్టమా, అలవాటా

‘ఇతరుల అవసరాలు చూసుకోవడం మీకు ఇష్టమా?’

చొక్కా మడతపెట్టినప్పుడల్లా ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టి, ఫోన్లో ఒక్కో ప్రశ్నా చూసుకుంటున్నాను. ఇది పైకే చదివేసినట్టున్నాను.

“చాలా ఇష్టం అని కొట్టు. అందులో నిన్ను మించినవాళ్ళు లేరు,” అన్నారు మా ఆయన సోఫాలోంచి.

“పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ అదేగా చేస్తోంది. ఇష్టం లేకపోతే చేస్తుందా?” అత్తగారు వత్తాసు పలికారు.

కొట్టాను. చాలా ఇష్టం.

‘యంత్రాలను విప్పి చూడాలనిపిస్తుందా?’ దీనికి ఇద్దరూ ఒకేసారి నవ్వారు. లేదు. ‘రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా పని చేయగలరా?’ “ఈ వాగుడుకాయా!” అన్నారాయన. అదీ లేదు. మిగతా చొక్కాలు అయ్యేసరికి ప్రశ్నలూ అయిపోయాయి. నా గురించి అన్నీ చెప్పేశామన్న తృప్తి వాళ్ళిద్దరి మొహాల్లో కనిపించింది.

నేను ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేస్తాను. పెళ్ళికి ముందు చేరినదాన్ని, పిల్ల పుట్టాకా అక్కడే ఉన్నాను, ఆ పిల్ల చదువుకోవడానికి హాస్టలుకెళ్ళినా అక్కడే ఉన్నాను. వచ్చేవాళ్ళందరూ కంగారుగానో కోపంగానో వస్తారు. డాక్టరు ఆలస్యమైతే తిట్లు నాకు, బిల్లు ఎక్కువైతే తిట్లు నాకు. అవన్నీ పడుతూ నవ్వుతూ ఉండాలి. నవ్వు కాస్త తగ్గితే మేనేజరు అటుగా వెళ్తూ పెదవుల దగ్గర రెండు వేళ్ళు పెట్టుకుని సాగదీసి చూపిస్తాడు. ఇంటికెళ్ళేసరికి దవడలు లాగేస్తుంటాయి. అక్కడ మళ్ళీ “ఏంటి మొహం అలా పెట్టావ్?” అని.

ఇప్పుడు రిసెప్షన్‌లో టోకెన్లిచ్చే యంత్రాలు పెట్టారు. మనుషులు తగ్గాలన్నారు. మేనేజరు నన్ను పిలిచి, “మిమ్మల్ని తీసెయ్యం మేడమ్. వార్డులో పేషెంట్ కేర్‌కి వేస్తాం. మీది తల్లిలాంటి మనసు,” అన్నాడు. జీతం ఎంతన్నాను. తల్లి మనసుకి జీతమేమిటన్నట్టు చూశాడు. ఉన్నదానికన్నా తక్కువేనట.

“హాయిగా ఒప్పేసుకో, ఉద్యోగమైతే ఉంటుందిగా,” అన్నారు మా ఆయన. ఒప్పుకునేముందు నాకు ఇంకేదైనా వస్తుందేమో చూసుకోవాలనిపించింది. ఉద్యోగాలు మారాలనుకునేవాళ్ళకి పరీక్షలు పెట్టి సలహా చెప్పే ఆఫీసు ఒకటుందని ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి చెప్పింది. ఇష్టాయిష్టాల ప్రశ్నలు ఇంట్లోనే పూర్తిచేసి పంపాలి. సామర్థ్యాల పరీక్ష మాత్రం అక్కడికెళ్ళి రాయాలి.

వెళ్ళాను. చిన్న గది, గోడవైపు తిరిగిన బల్ల, గడియారం. విప్పి పరిచిన అట్టముక్కను మడిస్తే ఏ పెట్టె అవుతుంది? ఈ పళ్ళచక్రం కుడికి తిరిగితే ఆ చివరిది ఎటు తిరుగుతుంది? మొదట్లో ఒక్కో ప్రశ్ననీ రెండుసార్లు చదువుకున్నాను. కాసేపటికి ఆ చక్రాలు నా కళ్ళముందు వాటి పాటికవి తిరగడం మొదలెట్టాయి. ఎవరూ పిలవలేదు. టవలెక్కడని అడగలేదు. టైం అయిపోయిందని చెప్పినప్పుడు కోపమొచ్చింది, ఇంకో కాగితం ఉంటే బాగుండుననిపించింది.

వారం తర్వాత సలహాదారు ముందు కూర్చున్నాను. నాకన్నా పెద్దావిడ, బాగా జలుబు చేసినట్టుంది, వేణ్ణీళ్ళు తాగుతూ మాట్లాడుతోంది. మొదటి రిపోర్టు నావైపు తోసింది. సేవ, సంరక్షణ, ఆతిథ్యం. మా అత్తగారి గొంతుతో చదువుకున్నాను దాన్ని. డబ్బు తీసుకుని నాకు ఈ మాటే చెప్పాలా? లేచి వచ్చేద్దామనుకున్నాను.

“ఆగండి,” అందావిడ, రెండో కాగితం తీసి. “యంత్రాలు, ఆకారాలు... వీటిల్లో మీకొచ్చిన మార్కులు మా దగ్గర చాలా తక్కువమందికొస్తాయి. అదే మొదటి దాంట్లో యంత్రాల జోలికే పోనన్నారు. ఈ రెండూ ఒకే మనిషి రాసినట్టు లేవు. ఇది రాసేటప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా?”

“మావాళ్ళు ఉన్నారండీ.”

ఆవిడ తుమ్మి, ముక్కు తుడుచుకుని, “అందరికీ ఉంటారు లెండి,” అంది. “మళ్ళీ రాయండి. ఇక్కడే, ఒక్కరే. ఇష్టమా, అలవాటా అని ప్రతి ప్రశ్న దగ్గరా మిమ్మల్ని మీరే అడగండి.”

అది రాయడమే కష్టమైంది. చక్రాల లెక్కలు నయం. ‘ఇతరుల అవసరాలు చూసుకోవడం మీకు ఇష్టమా?’ నా కూతురికి జ్వరమొస్తే పక్కన కూర్చోవడం ఇష్టమే. ఎదురుగా ఉన్న నీళ్ళగ్లాసు అందించమని పక్కగదిలోంచి నన్ను పిలిస్తే వెళ్ళడం ఇష్టం కాదు. రెంటికీ ఒకే గడి ఉంది. ‘యంత్రాలను విప్పి చూడాలనిపిస్తుందా?’ పెళ్ళైన కొత్తలో బట్టలుతికే మెషీన్ నీళ్ళు వదలకుండా ఆగిపోయింది. “ముట్టుకోకు, షాకు కొడుతుంది,” అని ఆయన ఆఫీసుకెళ్ళిపోయారు. ప్లగ్గు తీసేసి, కింద మూత విప్పి, లోపల ఇరుక్కున్న చొక్కా గుండీలు తీశాను. తిరిగింది. అది తిరగడం చూస్తూ వంట మర్చిపోయాను. సాయంత్రం మెకానిక్ ఫోన్ చేస్తే మా ఆయన, “అక్కర్లేదు బాబూ, దానంతటదే బాగయింది,” అన్నారు. నేను పక్కనే ఉన్నాను. మా ఇంట్లో చాలా పనులు వాటంతటవే అవుతుంటాయి. బట్టలు వాటంతటవే మడతపడతాయి, మందులు వేళకి వాటంతటవే అత్తగారి చేతిలోకొస్తాయి. అలా ఇన్నేళ్ళూ నాకొచ్చిన పని నాకు వచ్చని నేనే మర్చిపోయానా? మర్చిపోయేంత మొద్దునెలా అయ్యాను? పెన్ను పట్టుకుని కూర్చుంటే ఏడుపు కాదు, ఒళ్ళు మండింది. ఎక్కువ నామీదే.

యంత్రాల ప్రశ్నకి చాలా ఇష్టం అని టిక్కు కొట్టాను. కాగితం చిరిగినంత పనైంది.

“పరీక్ష దారి చూపిస్తుందమ్మా, నడవమని చెప్పదు,” అందా సలహాదారు. ఆసుపత్రుల్లో వాడే యంత్రాల మరమ్మతు కోర్సు ఒకటుందని, సాయంత్రం క్లాసులని చెప్పింది. “చేరేముందు ఆ పని చేసేవాళ్ళ పక్కన ఒక రోజు కూర్చుని చూడండి.”

మా ఆసుపత్రిలో యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్‌ని అడిగాను. సెలవు పెట్టి మరీ వెళ్ళి కింద స్టోరు గదిలో అతని పక్కన కూర్చున్నాను. బీపీ మెషీన్ విప్పి ముక్కలన్నీ గుడ్డమీద వరసగా పెట్టాడు. మధ్యాహ్నానికి నన్నే బిగించమన్నాడు. తప్పుగా బిగించాను. విప్పి, మళ్ళీ బిగించాను. “రోజంతా ఇంతేనండీ,” అన్నాడు జాలిగా. “మాట్లాడదామన్నా పలికే మనిషుండడు.” ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం వరకూ ఒక్కసారీ నవ్వలేదని బస్సెక్కాక గుర్తొచ్చింది.

ఆ వారమే కోర్సులో చేరాను. పేషెంట్ కేర్ వద్దని, కోర్సు అయ్యేదాకా సగం పూట రిసెప్షన్ చాలని మేనేజరుకి చెప్పి ఒప్పించాను. ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో చెప్పాను.

“నట్లు బిగించే పనా?” అన్నారు అత్తగారు. “ఆడదానివి, ఈ వయసులో!”

“సాయంత్రాలు క్లాసులైతే వంటో?” అన్నారు మా ఆయన.

“మీరు ఆరింటికల్లా వచ్చేస్తారుగా.”

ఆయన నావైపూ, వాళ్ళమ్మవైపూ చూశారు. కంచం కొంచెం ముందుకి తోసి, గొంతు తగ్గించారు. నిజంగానే నొచ్చుకున్నారు.

“చేరేముందు నన్నొక్క మాట అడగాలనిపించలేదా?”

“మీరేమంటారో నాకు ఎప్పుడూ తెలుసండీ,” అన్నాను. “నేనేమంటానో తెలీకే పరీక్ష రాశాను.”